దిబ్రూగఢ్ నుంచి సామర్లకోట దాకా: మూడు రోజులు, ఐదు ఆటలు

మొదటి రోజు

అస్సాంలో ఉద్యోగంలో చేరాక ఇది నా రెండో సంక్రాంతి. కిందటేడు విమానంలో వెళ్ళాను. ఈసారి పండగ ముందు టికెట్ ధరలు చూశాక, సెలవులు కూడా కాస్త ఎక్కువే దొరకడంతో రైలుకి బుక్ చేసుకున్నాను. దిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారి వెళ్ళే వివేక్ ఎక్స్‌ప్రెస్. మన దేశంలో ఇంతకంటే దూరం వెళ్ళే రైలు లేదు, నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. నేను దిగాల్సింది సామర్లకోటలో. మధ్యలో రెండు రాత్రులు, రెండు పూర్తి పగళ్ళు.

బ్యాగులో బట్టల కంటే జాగ్రత్తగా సర్దుకున్నది స్టీమ్ డెక్. మన దగ్గర దాన్ని అధికారికంగా అమ్మరు. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఇండియా వచ్చినప్పుడు తెచ్చిపెట్టాడు. రెండు చేతులతో పట్టుకుని ఆడుకునే చిన్న కంప్యూటర్ అనుకోండి. 640 గ్రాముల బరువు, ఏడంగుళాల పైచిలుకు స్క్రీన్. డిస్కౌంట్ వచ్చినప్పుడల్లా ఆటలు కొంటూ పోయాను గానీ ఆడింది తక్కువ. షిఫ్టు దిగి రూముకి వచ్చాక కొత్త కథలోకి దిగే ఓపిక ఉండదు. అలవాటైన క్రికెట్ ఆటేదో అరగంట ఆడి పడుకోవడమే. అందుకే ఈ ప్రయాణానికి చిన్న ఆటలు ఐదు ఏరిపెట్టుకున్నాను. దారిలో నెట్ ఉండదు కాబట్టి అన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి, ఆఫ్‌లైన్‌లో ఒక్కోదాన్ని ఒకసారి తెరిచి చూసుకున్నాను. మీరూ ఎప్పుడైనా ఇలా బయల్దేరితే ఆ పని మాత్రం మర్చిపోకండి.

సాయంత్రం రైలు కదిలేసరికే బయట చీకటి. ఎగువ అస్సాంలో జనవరిలో ఐదింటికల్లా దీపాలు పెట్టేస్తారు. తిన్‌సుకియా దాటాక పై బెర్తు ఎక్కి, దుప్పటి కప్పుకుని 'ఎ షార్ట్ హైక్' తెరిచాను.

2019లో వచ్చిన ఆట ఇది. ఆడమ్ రాబిన్సన్-యూ అనే ఒక్క మనిషి చేసింది. క్లెయిర్ అనే చిన్న పక్షి సెలవులకు తన ఆంటీ దగ్గరికి, ఒక పార్కుకి వస్తుంది. ఒక ఫోన్ రావాలి. పార్కులో సిగ్నల్ లేదు. సిగ్నల్ కావాలంటే హాక్ పీక్ అనే కొండ ఎక్కాలి. అంతే కథ. కొండ ఎక్కడానికి బంగారు ఈకలు కావాలి. ఎన్ని ఈకలుంటే అంత ఎత్తు పాకగలదు, అన్నిసార్లు గాల్లో రెక్క విదిల్చగలదు. ఈకల కోసం తిరుగుతుంటే ఒకడు చేపలు పట్టడం నేర్పుతాడు, ఒకరికి పారేసుకున్న వస్తువు వెతికి పెట్టాలి, ఇంకొకరు పరుగు పందెం వేద్దాం అంటారు. ఎవరూ తొందర పెట్టరు. చచ్చిపోవడం లేదు, ఓడిపోవడం లేదు.

నేను మొదటి గంట కొండ సంగతే మర్చిపోయాను. బీచిలో తిరిగాను, చేపలు పట్టాను. తర్వాత ఎక్కడం మొదలుపెడితే పైకి వెళ్ళేకొద్దీ మంచు, చలి. అక్కడ చలికి ఈకలు గడ్డకట్టేస్తాయి. శిఖరం మీదికి చేరాక ఫోన్ మోగింది. ఎవరు చేశారో, ఏం చెప్పారో ఇక్కడ రాయను, మీరు ఆడి తెలుసుకోవాలి. ఆ తర్వాత కొండ అంచు నుంచి గాలి పైకి ఎత్తుకుంటుంది, క్లెయిర్ రెక్కలు చాపుకుని దీవి మొత్తం మీదుగా కిందికి జారుతుంది. అప్పటిదాకా ఒక్కో అడుగూ పాకుతూ ఎక్కిన చోట్లన్నీ చిన్నగా కింద కనిపిస్తాయి. పరిచయమైన వాళ్ళందరూ అక్కడే ఉన్నారు. చాలా ఆటలు 60 గంటలు ఆడించి కూడా ఇవ్వలేని తృప్తి ఇది రెండు గంటల్లో ఇచ్చింది.

ఆట ఆపి ఫోన్ చూస్తే నా ఫోన్లోనూ సిగ్నల్ లేదు. లమ్డింగ్ వైపు అడవులు, కొండలు. తెల్లవారాక అమ్మకి ఫోన్ చేద్దామనుకుని పడుకున్నాను.

రెండో రోజు

గువహాటిలో పొద్దున్నే ఎదురు బెర్తుల్లోకి ఇద్దరు పెద్దవాళ్ళు ఎక్కారు. సామాను సర్దుతూ ఆవిడ "ఆ సంచి పైకెట్టీండి" అనడం వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. విజయనగరం దగ్గర ఊరట. కొడుకు ఆర్మీలో ఉన్నాడు, ఇక్కడే పోస్టింగ్. పండక్కి వాడికి సెలవు దొరకలేదని వీళ్ళే వచ్చి పది రోజులుండి తిరిగి వెళుతున్నారు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. పది నిమిషాల్లో మా ఊరు, నా ఉద్యోగం, మా అమ్మానాన్నల వివరాలు అన్నీ అయిపోయాయి. పలహారాల డబ్బా కూడా నా చేతికి వచ్చేసింది.

బ్రహ్మపుత్ర దాటుతుంటే ముగ్గురం కిటికీకి అతుక్కుపోయాం. శీతాకాలం కదా, నది తగ్గి ఇసుక మేటలు తేలి ఉన్నాయి. అయినా అవతలి ఒడ్డు ఎప్పటికీ రాదేమో అనిపించింది. ఆవిడ పర్సులోంచి రూపాయి తీసి, కళ్ళకద్దుకుని నీళ్ళలోకి విసిరింది.

కోక్రాఝార్ దాటాక ఆయన నిద్రపోయారు. నేను 'వెంబా' తెరిచాను.

దీని గురించి నాకు తెలిసిందల్లా తమిళ కుటుంబం కథ అని, వంటల ఆట అని, 2024లో బ్రిటన్‌లో సినిమాలకీ, ఆటలకీ అవార్డులిచ్చే బాఫ్టా వాళ్ళు కొత్త స్టూడియోల మొదటి ఆటకిచ్చే అవార్డు దీనికి వచ్చిందని. చేసినవాళ్ళు టొరంటోలోని విసై గేమ్స్. కథ 1988లో మొదలవుతుంది. వెంబా, పావలన్ అనే దంపతులు కెనడాకి వచ్చి కొత్తగా కాపురం పెట్టారు. వెంబాకి ఒంట్లో నలతగా ఉంది, అయినా భర్తకి ఇడ్లీ పెట్టి పంపాలి. వాళ్ళ అమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం ఉంది గానీ అక్కడక్కడా చిరిగిపోయి, చెరిగిపోయి ఉంది. ఆ ఖాళీలు మనం పూరించుకోవాలి. ఆటంతా అదే.

"ఏటి బాబూ, ఆ పిల్ల ఇడ్లీ పెడుతున్నాదా?"

ఎదురు బెర్తులోంచి ఆవిడ ముందుకి వంగి చూస్తోంది. అవునమ్మా అని పక్కకి జరిగాను. వచ్చి కూర్చుంది. ఆటలో రేకుల గుంటల్లో పిండి పోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి పాత్రలో దించాలి. పేర్చడంలోనే చిక్కు. పుస్తకంలో సరిగ్గా ఆ చోటే చెరిగిపోయింది. నేను నాకు తోచినట్టు పేర్చాను. తప్పింది.

"అలగ పెట్టీసినావేటి! పై ఇడ్లీ కింద ఇడ్లీ నెత్తి మీద కూకుంటే ఆవిరి ఎల్లొద్దా?"

అని, టిఫిన్ డబ్బా మూతలు రెండు తీసి ఒడిలో పెట్టుకుంది. ఒకదాని మీద ఒకటి ఉంచి, పైదాన్ని బొటనవేలితో కాస్త తిప్పింది. "ఇదిగో, ఇలగ. పైదాని కాళీ కిందదాని గుంట మీదకి రావాల." ఆ మూతల మీద గుంటలు లేవు, అయినా ఆవిడ వేళ్ళు పెట్టిన చోట్లు చూస్తే నాకు రేకులు కనిపించాయి. అలాగే తిప్పి పెట్టాను. ఇడ్లీలు తెల్లగా పొంగి వచ్చాయి. ఆవిడ ఏమీ అనలేదు, మూతలు తుడిచి డబ్బాకి పెట్టేసింది. ఇందులో గొప్పేముంది అన్నట్టు.

ఈ ఆటలో స్కోరు లేదు, టైమర్ లేదు. తప్పు చేస్తే మళ్ళీ చేయొచ్చు. వంటల ఆటలంటే సాధారణంగా కస్టమర్లు క్యూ కట్టడం, ప్లేట్లు విసరడం, టెన్షన్. ఇక్కడ అదేం లేదు. తిరగమోతలో ఆవాలు చిటపటలాడే చప్పుడు ఎంత బాగా పట్టారంటే, నేను ఇయర్‌ఫోన్ ఒకటి ఆవిడకిచ్చాను.

మాటలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి నేను చదివి తెలుగులో చెబుతూ వచ్చాను. వాళ్ళకి కొడుకు పుడతాడు. పేరు కవిన్. బడికి వెళ్ళేసరికి స్నేహితులకి వాడు కెవిన్ అయిపోతాడు. అమ్మ తమిళంలో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలుపెడతాడు.

"తల్లికి ఆ బాస వచ్చా?"

"కొంచెం కొంచెం వచ్చమ్మా."

"మరి ఆడి మాట అర్థమవుతాదా దానికి?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆడుతున్నది నేనే, అయినా నా దృష్టంతా ఆ పిల్లాడికి తల్లి మాట దూరమైపోతోందనే దాని మీదే ఉంది. ఆ తల్లికి కొడుకు మాట ఎంతవరకు అందుతోందనే వైపు నుంచి నేను చూడనే లేదు. కిందటి అధ్యాయంలోకి మళ్ళీ వెళ్ళి, వెంబా ముఖం చూస్తూ అవే మాటలు ఇంకోసారి చదివాను.

ఆ తర్వాత కొడుకు వస్తాడని వెంబా ఎన్నో రకాలు వండుతుంది. కొడుకు రాడు. టేబుల్ నిండా గిన్నెలు, ఎదురుగా వెంబా ఒక్కతే. "ఇక సాలు బాబూ, రేపు సూద్దాం" అని నా పక్కనున్న ఆవిడ లేచి వెళ్ళి తన బెర్తులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేనూ ఆపేశాను. బయట తేయాకు తోటలు. న్యూ జల్పాయిగురిలో ఝాల్‌మూరి, అదే బెంగాలీ మసాలా మరమరాలు, కొని ఇద్దరికీ ఇచ్చాను. ఆవాల నూనె ఘాటు ఆవిడకి నచ్చలేదు, ఆయనకి తెగ నచ్చింది.

మాల్దా దాటేసరికి మంచు దిగింది. ఫరక్కా బ్యారేజీ మీదుగా గంగ దాటుతున్నామని పక్క కంపార్ట్‌మెంటులో ఎవరో చెబితే కిటికీలోంచి చూశాను. రెండు కిలోమీటర్లకి పైగా పొడవున్న బ్యారేజీ. దీపాల చుట్టూ పసుపు పచ్చని పొగ తప్ప ఏమీ కనిపించలేదు. ఆ తర్వాత రైలు చాలాసేపు ఎక్కడో ఆగిపోయింది.

రాత్రి పదకొండయితే చార్జింగ్ పాయింట్లకి కరెంటు ఆపేస్తారు, తెల్లవారి ఐదింటికి మళ్ళీ ఇస్తారు. అగ్ని ప్రమాదాలు జరక్కుండా ఆ ఏర్పాటు. అందుకని బ్యాటరీ నిండా ఎక్కించుకుని, వెలుతురు బాగా తగ్గించి 'డ్రెడ్జ్' మొదలుపెట్టాను.

న్యూజిలాండ్‌కి చెందిన బ్లాక్ సాల్ట్ గేమ్స్ వాళ్ళది, 2023లో వచ్చింది. మనం ఒక చిన్న పడవ నడిపే జాలరి. పగలు చేపలు పట్టాలి, చీకటి పడేలోపు రేవుకి చేరాలి. పట్టిన చేపల్ని పడవలోని గళ్ళలో సర్దాలి. ఒక్కో చేపది ఒక్కో ఆకారం, తిప్పి ఇరికించాలి. ఆ సర్దుడు పనిలో ఎంత హాయి ఉందో చెప్పలేను. పండగ సామాను డిక్కీలో పట్టించినప్పటి తృప్తి అది. ఇంతలో ఒక చేప వస్తుంది, దాని కళ్ళు ఉండాల్సిన చోట ఉండవు. చేపల కొట్టువాడు దానికి ఎక్కువ డబ్బులిస్తాడు. ఎందుకిస్తున్నాడో అడగాలనిపించదు.

రాత్రి సముద్రం మీద ఉండిపోతే మంచు కమ్ముతుంది. స్క్రీను పైన ఒక కన్ను తెరుచుకుని అటూ ఇటూ కంగారుగా తిరుగుతుంది. భయం పెరిగేకొద్దీ అంతకుముందు లేని బండరాళ్ళు పడవ ముందు లేస్తాయి. నిజంగా ఉన్నాయో, భయం వల్ల కనిపిస్తున్నాయో తెలీదు గానీ గుద్దుకుంటే పడవ మాత్రం పగులుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది అందులోని గడియారం. పడవ కదిలితేనే కాలం కదులుతుంది, లేదా చేపలు పడుతుంటే కదులుతుంది. ఊరికే నిలబడితే పొద్దు అక్కడే ఆగిపోతుంది. మంచులో ఆగిపోయిన రైల్లో, అందరూ నిద్రపోయిన బోగీలో, నా పడవని కూడా నడి సముద్రంలో ఆపేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. నీళ్ళ చప్పుడు ఒక్కటే. ముందుకి వెళితే చీకటి పడుతుంది, వెళ్ళకపోతే ఎప్పటికీ రేవు చేరను. అలాంటి భయాన్ని ఒక్క మాట రాయకుండా కట్టినవాళ్ళంటే నాకు గౌరవం కలిగింది. రెండున్నరకి రైలు కదిలిన కుదుపుకి తేరుకుని ఆట ఆపాను. ఇది ఇంకా పూర్తి కాలేదు, సగంలో ఉన్నాను.

మూడో రోజు

లేచేసరికి ఖరగ్‌పూర్. ఎండ చూసి రెండు రోజులైనట్టుంది.

పక్క బేలో పదేళ్ళ ఒడియా పిల్లాడు పొద్దున్నుంచీ నా చేతుల్లోకే చూస్తున్నాడు. వాడి కోసం 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్' తెరిచాను. పుణేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్ళు 2020లో తెచ్చారు. రాజీ అనే అమ్మాయి, ఆమె తమ్ముడు గోలు. రాక్షసులు గోలుని ఎత్తుకుపోతే దుర్గమ్మ ఇచ్చిన త్రిశూలంతో రాజీ వెతుక్కుంటూ బయల్దేరుతుంది. వాడికి త్రిశూలం బాగా నచ్చింది. స్తంభం ఎక్కి గిర్రున తిరిగి దెబ్బ కొట్టినప్పుడల్లా వాళ్ళమ్మ వైపు తిరిగి చూశాడు.

నా మటుకు నాకు పోరాటాలు కొంచెం బిగుసుగా అనిపించాయి. ముగింపు కూడా సగంలో తెర దించేసినట్టుంది. కానీ కథ చెప్పే తీరు చూసి కళ్ళు చెమర్చాయి. కథలోని ఘట్టాల్ని తెర మీద నీడ బొమ్మల్లా ఆడిస్తారు. మా సామర్లకోట పక్కనే మాధవపట్నం ఉంది, తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. చిన్నప్పుడు తాతయ్య భుజం మీద కూర్చుని ఒక రాత్రి చూసిన ఆట నాకింకా గుర్తు. తెర వెనక దీపం, హనుమంతుడి తోక తెర అంచు దాకా సాగడం. మన బొమ్మలకి రంగులుంటాయి, నీడ కూడా రంగులోనే పడుతుంది. ఆ రంగుల్లో ఎవరైనా ఒక ఆట చేస్తే బాగుండునని గట్టిగా అనిపించింది. చేసేవాళ్ళు మన దగ్గర లేకపోలేదు.

భువనేశ్వర్‌లో ఆ పిల్లాడు దిగిపోయాడు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "ఏదీ, ఆ తల్లి ఏటయ్యిందో సూపించు."

వెంబా మిగిలిన భాగం ఒక్క ఊపులో ఆడేశాం. పావలన్ చనిపోతాడు. పెద్దవాడైన కవిన్ ఒంటరిగా తన వంటింట్లో అమ్మ పుస్తకం ముందేసుకుని వండాలని చూస్తాడు. వాడికి తమిళం సరిగ్గా చదవడం రాదు. మొదట్లో చిరిగిన చోట్లు మాత్రమే మనకి తెలిసేవి కావు, ఇప్పుడు చిరగని చోట్లూ తెలియవు. అదే పుస్తకం, అదే చేతిరాత. ఆట ఎక్కడా బాధపడమని అడగలేదు, వంట చేయమని మాత్రమే అడిగింది. నేను తడబడుతుంటే ఆవిడ "ముందు నూని కాగనీ" అంది మెల్లగా.

చివరికి కవిన్ ఇండియాలో ఉన్న అమ్మ దగ్గరికి వస్తాడు. ఇద్దరూ వంటింట్లో నిలబడి ఉంటారు. నేను చదవడం ఆపాను, చెప్పాల్సినంత ఏమీ లేదు. ఎడమ వైపు కిటికీలో చిలకా సరస్సు మొదలైంది. దూరంగా పడవలు. ఆవిడ ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, ఫోన్ తీసుకుని కొడుక్కి కలిపింది. "తిన్నావేట్రా?" అన్న మాట తప్ప తర్వాతవి నేను వినలేదు, తలుపు దగ్గరికి వెళ్ళిపోయాను.

గంటన్నర, రెండు గంటల ఆట అది. ఆట ఇంత చిన్నదేమిటి అని కొందరు అన్నారని చదివాను. నాకు అలా అనిపించలేదు. ఈ ఐదింటిలో ఎవరికైనా ఒక్కటే చెప్పాలంటే దీన్నే చెబుతాను. తెలుగిల్లు అయితే మరీ. ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఆడండి.

బ్రహ్మపూర్ దాటాక ఆయన వంతు. 'బలాట్రో' తెరిచి పేక ముక్కలు పరిచేసరికి కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఉన్న ఒక్కడే చేశాడు, 2024లో వచ్చింది. పోకర్ చేతులు, అంటే ముక్కల జతలు, వరసలు పెట్టాలి. కానీ అసలు ఆట 150 జోకర్లది. ఒక్కో జోకర్ లెక్కని ఒక్కోలా మార్చేస్తుంది. ఆయనకి రమ్మీ తప్ప పోకర్ తెలీదు. అయినా జతలు, వరసలు పట్టడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

"ఇందులో డబ్బులు పోతాయా బాబూ?"

"పోవండీ. పందెం లేదు, ఉత్త లెక్కే."

జూదాన్ని తలపించే దృశ్యాలున్నాయని 2024లో యూరప్‌లో దీని వయసు రేటింగ్‌ని 18 ఏళ్ళకి పెంచారు. 2025లో దాన్ని 12కి తగ్గించారు. ఆ తగ్గించడం సరైనదే. ఇది జూదం కాదు, గుణకారం. అయితే ఒక్క చేయి, ఇంకొక్క చేయి అంటూ కూర్చోబెట్టే గుణం మాత్రం దీనికి నిండా ఉంది. పలాస ఎప్పుడొచ్చిందో, శ్రీకాకుళం రోడ్డు ఎప్పుడొచ్చిందో మాకు తెలీలేదు. ఆవిడ సంచులు సర్దుతూ రెండుసార్లు కేకేసింది.

విజయనగరంలో దింపేటప్పుడు సామాను ప్లాట్‌ఫాం మీదికి అందించాను. ఆయన నా నంబరు చిన్న డైరీలో రాసుకున్నారు. ఆవిడ పలహారాల డబ్బాలో మిగిలిన అరిసెలన్నీ కాగితంలో చుట్టి నా బ్యాగు పక్క జేబులో దూర్చింది.

తర్వాత ఏ ఆటా ఆడలేదు. వైజాగ్, అనకాపల్లి, తుని. సామర్లకోటలో దిగేసరికి అర్ధరాత్రి. నాన్న మఫ్లర్ చుట్టుకుని బయట బండి మీద ఉన్నారు.

నాలుగో రోజు

మధ్యాహ్నం దాకా పడుకున్నాను. డాబా మీద అమ్మ భోగి పిడకలు దండలు గుచ్చుతోంది. నేనూ పక్కన కూర్చుని దారం అందిస్తున్నాను. ఫోన్ మోగింది, కొత్త నంబరు.

"బాబూ, నేనే. ఆ ఇడ్లీల ఆట పేరేటన్నావు? మావోడు లైన్లో ఉన్నాడు, ఆడికి సెప్పాల."